చిన్న బోర్ ట్రాంబోన్‌లో లీడ్‌పైప్ మార్చి చూస్తే: బిగువు, లోతు, ఆ తర్వాతే లోహం

ముందే తేల్చి చెప్పాలంటే, చిన్న బోర్ (గొట్టం లోపలి వ్యాసం తక్కువున్న) ట్రాంబోన్‌కు బయటి తయారీ లీడ్‌పైప్ పెట్టించుకోవడం చేయదగ్గ పనే. కాకపోతే చాలామంది తప్పు చివర నుంచి మొదలుపెడతారు. వెండిదా, ఇత్తడిదా అన్న ప్రశ్నతో బయల్దేరి, మౌత్‌పీస్ ఆ పైపులో ఎంత లోతుకు దిగుతోందో ఒక్కసారీ కొలవరు. పైపు మార్చగానే వినిపించే తేడాలో పెద్ద వాటా ఆ లోతుదీ, పైపు లోపలి ఆకారానిదీ. లోహం వంతు ఆ తర్వాత.

లీడ్‌పైప్ అంటే హ్యాండ్ స్లైడ్ (స్వరం మార్చడానికి చేత్తో జరిపే జంట గొట్టాలు) పై కాలులో, ఇన్నర్ ట్యూబు లోపల దాగి ఉండే పలుచని గొట్టం. పొడవు సాధారణంగా ఒక జానెడు, అటూ ఇటూ. మౌత్‌పీస్ షాంక్, అంటే దాని సన్నని తోక భాగం, కూర్చునేది దీని నోట్లోనే. ఆ నోరు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతూ ఒకచోట అన్నిటికంటే ఇరుకవుతుంది. ఆ చోటును వెంచురి అంటారు. అక్కడి నుంచి మెల్లగా విచ్చుకుంటూ స్లైడ్ బోర్‌లో కలిసిపోతుంది. మౌత్‌పీస్ గొంతు తర్వాత మొత్తం వాద్యంలో రెండో ఇరుకైన చోటు ఈ వెంచురి. ఊపిరికి ఎదురొచ్చే బిగువు, స్వరం తన గూట్లో కుదురుగా నిలవడం, తారస్థాయి పలికే తీరు అక్కడే చాలావరకు తేలిపోతాయి. చిన్న బోర్‌లో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. గొట్టమే సన్నం కాబట్టి మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా పెదవికి తెలుస్తుంది.

కొనేముందు కొలత

చిన్న బోర్ అన్న మాట కింద చాలా కొలతలున్నాయి. కాన్ 6హెచ్, యమహా వైఎస్ఎల్-354 వంటివి 0.500 అంగుళాలు, అంటే 12.7 మి.మీ. కింగ్ 3బి 0.508, అంటే 12.9 మి.మీ. ఈ రెండింటి మధ్య తేడా 0.2 మి.మీ. మాత్రమే. అయినా 0.508 కోసం చేసిన పైపు 0.500 ట్యూబులోకి దిగదు. 0.500 కోసం చేసినది 0.508లో వదులుగా ఆడుతూ ఏదో ఒక స్వరం దగ్గర గిలగిలమంటుంది.

ఇంకా ఎక్కువ పొరపాట్లు జరిగేది డ్యూయల్ బోర్ స్లైడ్‌ల దగ్గర. కింగ్ 2బి స్లైడ్ 0.481/0.491గానూ, బాక్ 16 స్లైడ్ 0.495/0.509గానూ వస్తాయి. మొదటి అంకె పై కాలుది, రెండోది కింది కాలుది. లీడ్‌పైప్ కూర్చునేది పై కాలులో కాబట్టి ఆర్డరు పెట్టాల్సింది చిన్న అంకెకు. బాక్ 16ను ‘సుమారుగా 0.500’ అనుకుని పైపు తెప్పించుకుంటే, అది 0.13 మి.మీ. లావై రిసీవర్ (మౌత్‌పీస్ దిగే నోరు) దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పైపును బయటి నుంచి గరుకు కాగితంతో రుద్దుదామనే ఆలోచన వస్తుంది. వద్దు. కింది కొస దగ్గర పైపు గోడ ముందే కాగితంలా పలచబడి ఉంటుంది, రుద్దితే చినిగిపోతుంది.

రెండో కొలత షాంక్‌ది. చిన్న బోర్ వాద్యాలకు స్మాల్ షాంక్ మౌత్‌పీసే కావాలి, ఇందులో తకరారు లేదు. అయితే స్మాల్ షాంక్‌లన్నీ ఒకే అచ్చు కావు. కొస వ్యాసంలో, వాలులో తయారీదారుకూ తయారీదారుకూ కాస్త తేడా ఉంటుంది, పాత వాద్యాల రిసీవర్లలో మరీనూ. కొత్త పైపు వచ్చాక మౌత్‌పీస్‌ను మెల్లగా దింపి, అంచును వేలితో పక్కలకు తోసి చూడండి. ఏ మాత్రం ఊగినా వాలు కుదరలేదన్నమాట. ఎక్కడ తాకుతోందో తెలియాలంటే షాంక్ మీద మార్కర్ పెన్నుతో నిలువుగా నాలుగు గీతలు గీసి, ఆరాక దింపి, పావు చుట్టు తిప్పి తీయండి. సిరా పొడవునా సమంగా చెరిగితే కుదిరినట్టు. కొస దగ్గరే చెరిగితే రిసీవర్ నోరు వెడల్పు. పై అంచులోనే చెరిగితే లోపల షాంక్ కొస గాలిలో వేలాడుతోంది. ఈ రెండో రకం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మౌత్‌పీస్ గట్టిగా కూర్చున్నట్టే ఉంటుంది కానీ మృదువుగా మొదలుపెట్టిన స్వరం తటపటాయిస్తుంది.

మూడు రకాల బిగింపు

తోసి పెట్టేవి, మర తిప్పి బిగించేవి, టంకం వేసి అతికించేవి. బజారులో ఈ మూడే.

ట్రాంబోన్ తయారీదారులైన షైర్స్ వాళ్లది తోసిపెట్టే పద్ధతి. ఇందులో మంచి సుగుణం, పైపు మార్చడానికి పది సెకన్లు చాలు. దాంతోపాటు ఒక అసౌకర్యం కూడా వస్తుంది. మౌత్‌పీస్ కాస్త గట్టిగా పట్టుకుంటే, తీసేటప్పుడు పైపు కూడా దానితోనే బయటికి వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడు పైపును ప్లయర్‌తో పట్టుకుని తిప్పేవాళ్లున్నారు. పైపు నోరు కోడిగుడ్డు ఆకారానికి తిరిగిందంటే ఇక ఏ మౌత్‌పీసూ సరిగా కూర్చోదు. మౌత్‌పీస్ పుల్లర్ వాడండి, లేదా పైపుకు కాలర్ (పై అంచున మందపాటి వలయం) ఉంటే దాన్ని గుడ్డతో పట్టుకుని చేత్తోనే తిప్పండి. పైపు వదులుగా ఉందనిపిస్తే పై అంచు కింద, మొదటి ఒక సెంటీమీటరు మేర, ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒకే ఒక చుట్టు. అంతకంటే కిందికి చుట్టకండి. పీలిక ఊడి లోపల చేరితే గాలి దారికి అడ్డం పడుతుంది.

మరో తయారీదారు ఎడ్వర్డ్స్ పద్ధతి మరది. పైపు మౌత్‌పీస్‌తో ఊడి రాదు, గాలి కారదు, ప్రతిసారీ ఒకే లోతులో కూర్చుంటుంది. పోలికలకు ఇది చాలా అనువైనది. చేత్తో బిగిస్తే చాలు, పనిముట్టు అక్కర్లేదు. మామూలు వాద్యానికి తర్వాత మర అమర్చుకునేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. కాలర్ మందం వల్ల మౌత్‌పీస్ కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. టెనార్ ట్రాంబోన్ గొట్టం పొడవు దాదాపు 2.7 మీటర్లు కాబట్టి, 6 మి.మీ. పెరిగితే శ్రుతి నాలుగు సెంట్ల (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) లోపే తగ్గుతుంది. ట్యూనింగ్ స్లైడ్‌ను 3 మి.మీ. లోపలికి తోస్తే సరిపోతుంది. అయితే ఇప్పటికే ట్యూనింగ్ స్లైడ్ పూర్తిగా మూసి వాయిస్తున్నవారికి ఆ 3 మి.మీ. దొరకదు. పెట్టెలో స్లైడ్ గూడు బిగుతుగా ఉంటే పొడుచుకొచ్చిన కాలర్ మూతకు తగలవచ్చు. మూత వేసేముందు చూసుకోవాల్సిన సంగతి ఇది, తర్వాత చూస్తే ఇన్నర్ ట్యూబు వంగి ఉంటుంది.

టంకం వేసేది అసలు ఫ్యాక్టరీ పద్ధతి. ఏ పైపు కావాలో ఖాయంగా తేలాకే ఇటు రావాలి. తేలకముందే అతికించుకుంటే మళ్లీ మంట పెట్టించాల్సి వస్తుంది, మంట పడ్డ ప్రతిసారీ స్లైడ్‌కు ఎంతో కొంత ముప్పు ఉంటుంది.

లోతు: అసలు విషయం ఇదే

మౌత్‌పీస్ షాంక్ వాలు సుమారు ఇరవైకి ఒకటి. 20 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. మారుతుందన్నమాట. దీన్ని తిప్పి చూడండి: రిసీవర్ నోరు 0.05 మి.మీ. వెడల్పైతే మౌత్‌పీస్ 1 మి.మీ. లోతుకు దిగుతుంది. రెండు తయారీదారుల పైపుల మధ్య నోటి వెడల్పులో 0.1 మి.మీ. తేడా ఉండటం పెద్ద వింతేమీ కాదు. అంటే ఒకే మౌత్‌పీస్ ఒక పైపులో ఇంకో పైపులో కంటే 2 మి.మీ. ఎక్కువ దిగుతుంది. అప్పుడు షాంక్ కొసకూ వెంచురికీ మధ్య ఎడం మారిపోతుంది. ఆ ఎడమే స్వరం అందుకునే వేగాన్ని, పైస్థాయి స్వరాల కుదురును కదిలిస్తుంది. వాయించేవారేమో ‘ఈ లోహం వెచ్చగా పలుకుతోంది’ అనుకుంటారు.

కాబట్టి పోలికకు ముందు ప్రతి పైపులోనూ లోతు కొలిచి రాసుకోండి. మౌత్‌పీస్‌ను చేతితో తేలిగ్గా దింపి, పావు చుట్టు తిప్పి, రిసీవర్ అంచు దగ్గర షాంక్ మీద సన్నని పెన్సిల్ గీత గీసి, తీసి, కొస నుంచి గీత దాకా కొలవాలి. 20 నుంచి 25 మి.మీ. మధ్య వస్తే మామూలే. 15 లోపు వస్తే మౌత్‌పీస్ పైనే ఆగిపోతోంది. 30 దాటితే నోరు అరిగిపోయిందనో, మౌత్‌పీస్ షాంక్ సన్నమనో అనుమానించాలి.

లోతులు వేరుగా ఉంటే పోలికను సమం చేయడానికి ఒక చవకైన ఉపాయం ఉంది, కాగితం పట్టీ. సిగరెట్ చుట్టే కాగితం మందం సుమారు 0.025 మి.మీ. దాన్ని షాంక్ చుట్టూ అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒక వరస చుడితే వ్యాసం 0.05 మి.మీ. పెరిగి, మౌత్‌పీస్ దాదాపు 1 మి.మీ. పైకి లేస్తుంది. మామూలు నోటు పుస్తకం కాగితం అయితే ఒక్క చుట్టుకే 4 మి.మీ. దాకా లేస్తుంది, అది మరీ ఎక్కువ. పట్టీ షాంక్ పొడవునా ఉండాలి, లేకపోతే మౌత్‌పీస్ ఊగుతుంది. అతుకు దగ్గర కాస్త గాలి కారే అవకాశం ఉంది కాబట్టి ఇది పరీక్షకే పరిమితం. పరీక్షలో 2 మి.మీ. పైకి లేపితే బాగుందని తేలితే, ఇంకో పైపు కొనకుండానే పని అయిపోయిందన్నమాట. నోరు బిగుతుగా ఉన్న రిసీవర్‌ను టెక్నీషియన్ రీమర్‌తో (రంధ్రాన్ని లోపల గీకి వెడల్పు చేసే పనిముట్టుతో) కాస్త విప్పగలరు. వెడల్పైనదాన్ని తిరిగి బిగించడం మాత్రం అంత తేలిక కాదు. అందుకే విప్పించేటప్పుడు చాలా కొంచెం కొంచెంగా.

మౌత్‌పీస్‌ను అరచేత్తో కొట్టి దింపే అలవాటు ఉన్నవారి పైపుల్లో నోరు క్రమంగా వెడల్పవుతుంది. నూరో వంతు మిల్లీమీటరు అరిగినా లోతు 0.2 మి.మీ. మారుతుంది. ఏళ్ల తరబడి వాడిన పాత పైపు స్థానంలో అదే నమూనా కొత్త పైపు పెట్టినా వేరే వాద్యంలా అనిపించడానికి ఇదొక కారణం.

బిగువు పైపు, వదులు పైపు

షైర్స్, ఎడ్వర్డ్స్ పైపులకు అంకెలుంటాయి. ఒకటి బిగువు, అంకె పెరిగేకొద్దీ పైపు విచ్చుకుంటుంది. ఈ అంకెలు ఆ తయారీదారు పరిధిలోనే చెల్లుతాయి. ఒకరి రెండూ మరొకరి రెండూ ఒకటి కావు. కాబట్టి ‘నాకు రెండు సరిపోయింది’ అన్న సలహా వినేటప్పుడు ఎవరి రెండో, ఏ బోర్‌కో అడగాలి.

బిగువు పైపులో స్వరాలు గట్టిగా గూట్లో కూర్చుంటాయి. పై బి-ఫ్లాట్, ఆపై డి, ఎఫ్ అందుకోవడం సులువనిపిస్తుంది. మెల్లగా వాయించినా నాదానికి అంచు ఉంటుంది. బిగ్ బ్యాండ్‌లో మొదటి ట్రాంబోన్ భాగం గంటల తరబడి మోసేవారికి ఇది పెదవి మీద బరువు తగ్గిస్తుంది. దీని చెడ్డగుణం బయటపడేది మంద్రంలో, గట్టిగా వాయించినప్పుడు. కింది ఎఫ్, ఇ స్వరాల దగ్గర గాలి తిరిగి తన్నినట్టుంటుంది. ఒక హద్దు దాటాక నాదం పెరగదు, గరగర మాత్రం పెరుగుతుంది. గూడు మరీ లోతైతే ఇంకో చిక్కు వస్తుంది. శ్రుతి కోసం స్వరాన్ని పెదవితో కాస్త వంచుదామంటే వంగదు, ప్రతిదానికీ స్లైడ్‌నే కదపాలి.

వదులు పైపులో దీనికి తలకిందులు. మంద్రం నిండుగా, వెడల్పుగా పలుకుతుంది, గట్టిగా ఊదినా చీలదు. కానీ చిన్న బోర్ వాద్యాన్ని ఎంచుకునేది ఆ సూటి, కుదించిన నాదం కోసం. పైపును మరీ విప్పేస్తే ఆ గుణమే సన్నగిల్లి, పెద్ద బోర్ నాదమూ రాక, చిన్న బోర్ పదునూ లేక మధ్యలో నిలబడుతుంది. పై స్వరాలు జారుతుంటాయి. స్వరం మొదలు పెట్టినప్పుడు ఒక క్షణం గాలి వినిపించి ఆ తర్వాత నాదం వస్తుంది.

ఇక్కడ మౌత్‌పీస్‌ను కలిపి ఆలోచించకపోతే డబ్బు వృథా. గొంతు వెడల్పైన, లోతు కప్పు మౌత్‌పీస్ వాడేవారు బిగువు పైపుతో సమతూకం సాధించగలరు. కప్పు లోతు తక్కువై, గొంతు ఇరుకైన మౌత్‌పీస్ వాడేవారికి అదే పైపు ఊపిరాడనివ్వదు. రెండు ఇరుకులు ఒకదాని వెనక ఒకటి పెడితే మోత పెంచాల్సినచోట వాద్యం మూసుకుపోతుంది. పైపు మార్చాలనిపించిన ప్రతిసారీ ముందుగా ఇంకో మౌత్‌పీస్‌తో అదే లోపం వస్తుందో లేదో చూడటం మంచిది. మౌత్‌పీస్ అరువు దొరుకుతుంది, పైపు దొరకదు.

పొడవు సంగతి క్లుప్తంగా. పొట్టి పైపులో విచ్చుకోవడం త్వరగా ముగుస్తుంది. స్వరం చప్పున అందుతుంది, గూడు కొంత తేలిక. పొడుగు పైపులో విచ్చుకోవడం నెమ్మది. స్థాయిల మధ్య నాదం ఒకేలా సాగుతుంది. అయితే పొడవొక్కటే చూసి ఎంచడం కుదరదు. ఇరుకు వెంచురి ఉన్న పొట్టి పైపు, వదులు వెంచురి ఉన్న పొడుగు పైపు కంటే బిగువుగా ఉండగలదు.

లోహం మాట

పసుపు ఇత్తడిలో రాగి 70, జింకు 30 పాళ్లు. గోల్డ్ బ్రాస్‌లో రాగి 85 దాకా ఉంటుంది. నికెల్ సిల్వర్‌లో, అంటే మనం జర్మన్ సిల్వర్ అనేదానిలో, వెండి అసలే లేదు, అది రాగి, నికెల్, జింకు మిశ్రమం. స్టెర్లింగ్ పైపులో మాత్రం వెండి 92.5 శాతం.

వాయించేవాళ్లలో ఎక్కువగా వినిపించే అభిప్రాయం ఇది: స్టెర్లింగ్ నాదానికి మధ్యలో గట్టి గింజనిస్తుంది, గట్టిగా ఊదినా త్వరగా చెదరదు, జర్మన్ సిల్వర్ మొదలు పదునుగా ఉంటుంది, గోల్డ్ బ్రాస్ కాస్త మెత్తన. ఈ మాటల్లో నిజం లేదనను. కానీ ఒకే అచ్చు కడ్డీ మీద లాగినా ఒక్కో లోహం ఒక్కో తీరుగా సాగి తిరిగి ముడుచుకుంటుంది. బయటికొచ్చే కొలతలు పూర్తిగా ఒకటి కావు. కొలతే మారినప్పుడు తేడా లోహానిదా, ఆకారానిదా అని విడదీయడం వాయించి చూస్తే సాధ్యపడదు. అందుకే సలహా సూటిగా: ఒకే తయారీదారు నుంచి, ఒకే లోహంలో, పక్కపక్క బిగువుల రెండు ఇత్తడి పైపులు ముందు తీసుకోండి. ఆ రెండింటి మధ్య ఏది నచ్చిందో తెలిశాక, అదే అంకెలో వెండిది కావాలా అని ఆలోచించవచ్చు. మొదటి కొనుగోలే వెండి పైపు చేసుకున్నవారికి నచ్చకపోతే, అది ఎందుకు నచ్చలేదో తెలుసుకునే దారి ఉండదు.

లోహం ఎంచడానికి ఒక గట్టి కారణం ఉంది, మన్నిక. పసుపు ఇత్తడిలోంచి లాలాజలం, తేమ క్రమంగా జింకును లాగేస్తాయి. మిగిలేది బోలుబోలుగా ఉండే ఎర్ర రాగి. జింకు 15 శాతం లోపు ఉన్న ఇత్తడిలో ఈ జబ్బు చాలా తక్కువ, వెండిలో లేనే లేదు. వాద్యం కడగడం బద్ధకించేవారికి నాదం కంటే ఇదే మంచి కారణం.

వాయించి చూడటం

మొదటి పది నిమిషాల ఉత్సాహాన్ని నమ్మకూడదు. కొత్తది ఏదైనా తేలిగ్గానే అనిపిస్తుంది, ఎందుకంటే మనం జాగ్రత్తగా ఊదుతాం. వాద్యాన్ని పావుగంట వేడెక్కించి మొదలుపెట్టండి. లోపలి గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే శ్రుతి దాదాపు 3 సెంట్లు ఎక్కుతుంది. చల్లటి వాద్యం మీద రాసుకున్న ట్యూనర్ అంకెలు ఎందుకూ పనికిరావు.

వరస ఇలా ఉండాలి: పాత పైపు, కొత్త పైపు, మళ్లీ పాత పైపు. మూడోసారి మొదటిసారి రాసుకున్న మాటలే వస్తేనే రెండోసారి విన్న తేడాకు విలువ. మూడోసారి పాత పైపు కూడా బాగా పలికితే, మారింది మీ పెదవి. వీలైతే పైపును వేరొకరు పెట్టి ఇవ్వాలి, ఏది పెట్టారో చెప్పకుండా. రికార్డింగ్ ఫోన్ మూడు మీటర్ల దూరంలో, వాద్యం బెల్‌కు (విచ్చుకున్న కొసకు) ఎదురుగా కాక కాస్త పక్కగా. వాయించేవారి చెవికి వినిపించే తేడాలో సగం గది అవతలికి చేరదు. అలాగని అది అబద్ధం కాదు, వాయించడం సుఖంగా ఉంటే వాయించేదీ బాగుంటుంది. కానీ రెండూ వేరని తెలిసి ఉండాలి.

వాయించాల్సినవి కొన్నే. మొదటి పొజిషన్‌లో (స్లైడ్ పూర్తిగా మూసి) బి-ఫ్లాట్ నుంచి పైకి హార్మోనిక్‌లు, అంటే స్లైడ్ కదపకుండా పెదవితోనే వచ్చే స్వరాలు, ఒక్కొక్కటీ నిలిపి, ట్యూనర్‌ను మరొకరు చూస్తుండగా. సహజంగానే ఐదోది, డి, 14 సెంట్లు తగ్గి ఉంటుంది. ఏడోది, ఎ-ఫ్లాట్, 31 సెంట్లు తగ్గుతుంది. ఆరోది, ఎఫ్, సిద్ధాంతంలో 2 సెంట్లే ఎక్కువ కానీ చాలా ట్రాంబోన్లలో అంతకంటే పైకి లాగుతుంది. మంచి పైపు ఈ ఎఫ్‌ను కొంత దించుతుంది. సరిపడని పైపు నాలుగో, ఎనిమిదో బి-ఫ్లాట్‌ల మధ్య అష్టకాన్ని వెడల్పో, ఇరుకో చేస్తుంది. నాదం ఎంత ముద్దుగా ఉన్నా ఆ పైపును పక్కన పెట్టాలి. రోజూ స్లైడ్‌తో సర్దుకుంటూ పోవాల్సిన శ్రుతి దోషాన్ని ఏ నాదమూ తీర్చలేదు.

తర్వాత నాలుక తగలకుండా, గాలితో మాత్రమే, వీలైనంత మెల్లగా పై బి-ఫ్లాట్ మొదలుపెట్టండి. పదిసార్లలో ఎన్నిసార్లు వెంటనే పలికిందో లెక్కపెట్టండి. ఈ ఒక్క పరీక్ష పైపుల మధ్య తేడాను మిగతావాటన్నిటికంటే స్పష్టంగా చూపిస్తుంది. ఆపైన ఏడో పొజిషన్ నుంచి మొదటిదాకా ఒకే ఊపిరిలో గ్లిస్సాండో (తెగకుండా జారే స్వరం), మధ్యలో నాదం ఎక్కడైనా పలచబడుతుందా అని. చివరగా మంద్రంలో గట్టిగా, ఎక్కడ చీలుతుందో అక్కడిదాకా. ఇవి ముగిశాక ఒక వారం పైపు మార్చకుండా వాడాలి, రెండు గంటల రిహార్సల్ చివర పెదవి ఎలా ఉందో చెప్పగలిగేది ఆ వారమే.

గాలి కారుతోందో లేదో ఈ పరీక్షలకు ముందే చూడాలి. ఔటర్ స్లైడ్ తీసేసి, మౌత్‌పీస్ పెట్టి, పై ఇన్నర్ ట్యూబు కింది కొసను వేలి మెత్తతో మూసి, మౌత్‌పీస్‌లోంచి గాలి పీల్చి నాలుకతో మూయండి. ఐదు సెకన్లు పట్టు నిలవాలి. జారిపోతే పైపు, రిసీవర్ మధ్య సందుంది. టెఫ్లాన్ చుట్టు వేసి మళ్లీ చూడండి. కారే పైపు మీద ఇచ్చిన తీర్పు పైపు గురించి ఏమీ చెప్పదు.

పాత పైపును లాగడం

చాలా ఫ్యాక్టరీ వాద్యాల్లో పైపు రిసీవర్ దగ్గర టంకంతో అతికి ఉంటుంది. దాన్ని తీయడం ఇంట్లో చేసే పని కాదు, స్లైడ్ పని తెలిసిన టెక్నీషియన్‌దే. అయినా ఏం జరుగుతుందో తెలిసి ఉంటే సరైన ప్రశ్నలు అడగవచ్చు.

తగరం-సీసం టంకం 183 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. సీసం లేని తగరం-వెండి టంకానికి 221 కావాలి. రిసీవర్‌ను చుట్టూ సమంగా వేడి చేసి, పైపు నోట్లో ఎడమ మర ఉన్న కొక్కెం వంటి పనిముట్టు బిగించి, సూటిగా లాగుతారు. అదే సమయంలో కాస్త దూరంలో ఉన్న బ్రేస్ (రెండు గొట్టాలను కలిపే అడ్డు కడ్డీ) అతుకులను తడి గుడ్డతో చల్లగా ఉంచాలి. అక్కడి టంకం మెత్తబడితే రెండు ఇన్నర్ ట్యూబుల సమాంతరం పోతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్లైడ్ రుద్దుకోవడం మొదలవుతుంది. అందుకే పని అప్పగించేటప్పుడు, తీశాక స్లైడ్ అలైన్‌మెంట్ చూసి ఇవ్వడం ఆ పనిలో భాగమేనా అని అడగాలి. కాదంటే వేరేవాళ్లను చూసుకోవాలి. లాకర్ (పైన వేసే పారదర్శక పూత) ఉన్న వాద్యంలో రిసీవర్ దగ్గర లాకర్ కొంత మాడుతుందని కూడా ముందే ఒప్పుకోవాల్సిందే.

పాత పైపు లోపల జింకు పోయి పుచ్చి ఉంటే, లాగినప్పుడు మధ్యలో తెగి సగం లోపలే ఉండిపోతుంది. మిగతాది ముక్కలు ముక్కలుగా తవ్వి తీయాలి, ఇన్నర్ ట్యూబు లోపలి గోడ గీతలు పడకుండా. పని సమయం అక్కడ రెట్టింపవుతుంది. ముందుగా చిన్న టార్చి వేసి పైపు లోపల చూడండి. గులాబీ రంగు మచ్చలు, గుంటలు కనబడితే ఈ సంగతి టెక్నీషియన్‌కు చెప్పండి. అలాంటి పైపు ఎలాగూ మార్చాల్సిందే, ఆ వాద్యానికి కొత్త పైపు ఏదైనా మేలే చేస్తుంది.

పైపు చెడకుండా బయటికి వస్తే, దాన్ని శుభ్రం చేయించి కాలర్ వేయించి, తిరిగి తోసిపెట్టేలా మార్పించుకోండి. పోలికకు అసలు కొలబద్ద అదే. చాలాసార్లు నెలల తరబడి పైపులు మార్చి చూశాక ఫ్యాక్టరీ పైపే సరైనదని తేలుతుంది. పాత వాద్యాల విషయంలో మరీ ముఖ్యం, అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగేది అసలు పైపు ఉందా అనే.

కొత్తదాన్ని చివరకు అతికించాలని నిర్ణయించుకుంటే టంకం పై అంచు దగ్గర సన్నని వలయంగా చాలు. ఎక్కువ పోస్తే అది సందులోంచి కిందికి జారి, పైపు కొస దగ్గర బొట్టుగా గడ్డకడుతుంది. ఆ బొట్టు బయటికి కనబడదు. ఒకటి రెండు స్వరాలు మాత్రం కారణం తెలియకుండా మొద్దుబారతాయి. కొత్తగా అతికించిన పైపు తోసిపెట్టినప్పటిలా పలకకపోతే ముందు అనుమానించాల్సింది ఈ బొట్టునే.

తోసిపెట్టే పైపును వారానికొకసారి బయటికి తీసి, లోపల మెత్తని బ్రష్ తిప్పి, పైపు బయటి గోడా, ఇన్నర్ ట్యూబు లోపలా తుడిచి ఆరనివ్వాలి. సందులో నిలిచిన నీరే రెండింటినీ తినేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు బయట స్లైడ్ గ్రీజు వేలితో పలుచగా పూస్తే గిలగిల ఉండదు, తర్వాత తీయడమూ సులువు. నెలల తరబడి తీయకుండా వదిలేస్తే తోసిపెట్టిన పైపు కూడా టంకం వేసినట్టే పట్టుకుంటుంది. అప్పుడు దాన్ని తీయడానికి మళ్లీ టెక్నీషియన్ బల్ల దగ్గరికే వెళ్లాలి.